కమురు వాసన – కారు చెప్పే కబురు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

సంచికకు ఏదైనా శాస్త్రవ్యాసం ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రుడు అడిగినప్పుడు మొదట బెంజీన్ వలయం గురించి రాద్దామనుకున్నాను. అయితే శాస్త్రవ్యాసం కనిపించగానే పేజీ తిప్పేసి జోకుల దగ్గరికి పోయే పాఠకుల్లో నేనూ ఒకణ్ణి. అందుచేత బెంజీన్‌ను పక్కన పెట్టి ముక్కు గురించి, అందులోనూ కారులో కూర్చున్న ముక్కు గురించి రాస్తున్నాను. కొంత కెమిస్ట్రీ మాత్రం తప్పదు. తక్కువైనందుకు లెక్చరర్లు, ఎక్కువైనందుకు మిత్రులు క్షమించాలి.

మా చిన్నాయన హైటెక్ సిటీలో క్యాబ్ నడుపుతాడు. పాలమూరు జిల్లాలో మాకున్న నాలుగెకరాల్లో ఆయన వాటా రెండు. అందులో ఒక ఎకరం అమ్మి మొదటి డబ్బు కట్టి, మిగతాది నెలనెలా కిస్తీలకు ఒప్పుకొని ఒక డీజిల్ కారు కొన్నాడు. కాబట్టి మా ఇంట్లో దాన్ని ఎవరూ కారు అనరు. ఫోనులో మా నాయనమ్మ "మన ఎకరం ఎట్లున్నది బిడ్డా, మంచిగ తిరుగుతున్నదా?" అని అడుగుతుంది.

ఆ ఎకరంలోంచి మొన్న జనవరిలో కాలిన వాసన వచ్చింది.

సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టలుకు తిరిగి వచ్చిన వారం అది. ఇంటి నుంచి తెచ్చిన సకినాల డబ్బా చిన్నాయనకు ఇద్దామని శుక్రవారం సాయంత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర దిగాను. ఆయన అప్పుడే ఎవరినో దించి, నన్ను ఎక్కించుకున్నాడు. తలుపు వేయగానే రెండు వాసనలు ఒకేసారి ముక్కుకు తగిలాయి. ఒకటి మల్లెపూలది. రెండోది కాలుతున్నది.

"చిన్నాయనా, ఏందో కాలుతున్న వాసన ఒస్తున్నదే."

"నాకేం ఒస్తలేదు రా. మల్లెపూల సీసా పెట్టిన గదా."

ఆ సీసా కథ తర్వాత తెలిసింది. రెండు రోజుల కింద ఒక ప్యాసింజరు "కారు వాసన వస్తోంది" అని ఫోనులో రాసి నక్షత్రాలు తగ్గించాడట. నక్షత్రాలు తగ్గితే బేరాలు తగ్గుతాయి. బేరాలు తగ్గితే కిస్తీ తప్పుతుంది. అందుకని చిన్నాయన వాసన ఎక్కడిదని వెతకకుండా, దాని మీద మల్లెపూలు కప్పాడు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. వాసన ఏమిటో కనుక్కున్నవాడికి నక్షత్రం ఇచ్చే పద్ధతి ఎక్కడా లేదు. ఒక మెకానిక్‌కు చూపిస్తే, బండి నడిపి చూడకుండానే "హైటెక్ సిటీ బండి గదా, క్లచ్ పోయింది. మొత్తం సెట్టు మార్చాలె" అన్నాడట. అంటే దాదాపు రెండు నెలల కిస్తీ, పైగా రెండు రోజులు బండి షెడ్డులో.

ఇక్కడ కొంచెం ఆగి, చిన్నాయనకు నిజంగానే ఎందుకు వాసన రాలేదో చెప్పాలి.

పశువుల కొట్టంలో పుట్టి పెరిగిన మాబోటి వాళ్ళకు పేడ వాసన తెలియదు. పట్నం నుంచి వచ్చిన చుట్టం ముక్కు మూసుకుంటే గాని మనకు గుర్తుకు రాదు. ఇది అలవాటు పడటం మాత్రమే కాదు, ముక్కు నిర్మాణంలోనే ఉన్న సంగతి. మనిషి ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. వాటి జన్యువులను కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరికి 2004లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ఈ గ్రాహకాలు, వాటి వెనకాల మెదడు, కొద్ది నిమిషాల్లోనే "ఇది పాత కబురే" అని ఊరుకుంటాయి. కొత్త వాసన వస్తేనే మళ్ళీ లేస్తాయి. అడవిలో బతికిన మన పూర్వీకులకు ఇది మంచిదే అయి ఉంటుంది. కారు నడిపేవాడికి మాత్రం చెరుపు. పొద్దుటి నుంచి అందులో కూర్చున్న డ్రైవరుకు వాసన అందదు, అప్పుడే ఎక్కిన ప్యాసింజరుకు అందుతుంది. "ఇందాక వచ్చింది, ఇప్పుడు పోయింది" అని మనం ధైర్యం తెచ్చుకుంటాం చూడండి, అక్కడే మోసం. చాలాసార్లు పోయింది వాసన కాదు, మన ముక్కు.

నా సంగతీ అంతే అయింది. మైండ్‌స్పేస్ జంక్షన్ దాటేసరికి నాకూ మల్లెపూలే మిగిలాయి. అయినా మొదటి క్షణంలో తగిలింది మరిచిపోలేదు. "ఆపవే చిన్నాయనా" అని మొండికేశాను. ఇనార్బిట్ మాల్ దాటి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కకముందే పక్కకు ఆపించాను. మల్లెపూల సీసా తీసి బయట పెట్టి, యాభై అడుగులు దూరం నడిచి, అయిదు నిమిషాలు ఉత్త గాలి పీల్చి తిరిగి వచ్చాను. చిన్నాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్లు చూశాడు. ముక్కు మాత్రం పని చేసింది, వాసన అక్కడే ఉంది.

మా వైపు వాళ్ళకు బండిలో మంట అనగానే పాలెం గుర్తుకొస్తుంది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు పాలెం దగ్గర కల్వర్టుకు తగిలి అంటుకుంది, 45 మంది చనిపోయారు. అది వాసనతో హెచ్చరించి వచ్చిన మంట కాదు, గుద్దుకోవడం వల్ల వచ్చింది. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి. అయినా ఊళ్ళో పెద్దవాళ్ళు ఎంత తొందరగా అంతా అయిపోయిందో చెప్పుకుంటుంటే విన్నది ఇంకా చెవుల్లో ఉంది. మంటకు ముందు కొన్ని నిమిషాలో, కొన్ని రోజులో వాసన వస్తే దాన్ని అదృష్టమనే అనుకోవాలి.

ఈ వాసన ఎందుకు వస్తుంది? ఏ పదార్థమైనా మంట లేవకముందే వేడికి విడిపోవడం మొదలుపెడుతుంది. పెద్ద అణువులు తెగి చిన్నవవుతాయి, చిన్నవి గాలిలో తేలి ముక్కుకు చేరుతాయి. ఏ పదార్థం తెగితే ఆ పదార్థపు ముక్కలే వస్తాయి కనుక ప్రతిదానికీ తనదైన వాసన ఉంటుంది. మన తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. అన్నం అడుగంటితే మాడు వాసన అంటాం, వెంట్రుకో గుడ్డో కాలితే కమురు వాసన అంటాం. వంటింట్లోకి అడుగు పెట్టకుండానే మాడింది పప్పా, పాలా అని మా అమ్మ వాకిట్లోంచి చెప్పేస్తుంది. కారు విషయంలో మనకు ఆ చదువు లేదు, అంతే.

నేను మొదట చేసిన రోగనిర్ణయం తప్పు. అది కూడా చెప్పాలి. పండగకు ఊరికి వచ్చినప్పుడు చిన్నాయన కారు రోడ్డు మీద నూర్పిడికి పరిచిన ఉలవ కట్టె మీద నుంచి నడిచింది. ఆ తీగలు కారు అడుగున చుట్టుకొని, సైలెన్సరు గొట్టానికి తగిలి మెల్లగా మాడుతాయి. కొన్నిసార్లు అంటుకుంటాయి కూడా. నేను ఫోను లైటు వేసి కిందికి దూరి చూస్తే నిజంగానే ఒక గుప్పెడు తీగ దొరికింది. ఇంజను ఆపి, వేడి తగ్గాక లాగి పారేసి, విజయం సాధించినట్లు చేతులు దులుపుకున్నాను. ఇంజను వేసిన రెండు నిమిషాలకు వాసన మళ్ళీ వచ్చింది. పైగా అది గడ్డి వాసన కాదని అప్పుడు తీరిగ్గా పీలిస్తే తెలిసింది. దొరికిన మొదటి కారణమే అసలు కారణమని సంబరపడటం లాబ్‌లోనూ నాకున్న జబ్బే.

తర్వాత క్లచ్. హైటెక్ సిటీ బండి అంటే క్లచ్ మీద అనుమానం రావడం న్యాయమే. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయీ గారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళ గుట్టలే. ఆ గుట్టలు పోయినా ఎత్తుపల్లాలు పోలేదు. ఫ్లైఓవర్లు కొన్ని కొత్త ఎత్తులు కూడా తెచ్చాయి. సాయంత్రం ఆరు దాటితే ఆ ఎత్తుల మీద బండ్లు అడుగులో అడుగు వేస్తాయి. వెనక్కు జారకుండా డ్రైవరు క్లచ్‌ను సగం తొక్కి పట్టుకుంటాడు. సగం తొక్కిన క్లచ్‌లో ఇంజను చక్రం ఒక వేగంతో, క్లచ్ ప్లేటు ఒక వేగంతో తిరుగుతూ రెండూ రాసుకుంటాయి. ప్లేటు మీది పూత నారను ఫీనాలిక్ రెజిన్‌తో అతికించి చేసింది, అనగా మనం ఆర్గానిక్ కెమిస్ట్రీలో చదివే ఫీనాల్, ఫార్మాల్డిహైడ్ కలిసిన బేకలైట్ కుటుంబం. అది మాడితే కాలిన కాగితానికీ, కాలిన అట్టకూ మధ్య ఉండే ఘాటు వాసన వస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చి, చదునులో కాసేపు నడిపితే తగ్గుతుంది.

దీన్ని తేల్చడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. చదునైన ఖాళీ చోట హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్‌ను నెమ్మదిగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజను మూలిగి ఆగిపోతుంది. అరిగిపోయి ఉంటే ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. చిన్నాయన చేశాడు. ఇంజను టక్కున ఆగిపోయింది.

"మరి క్లచ్ మంచిగనే ఉన్నదా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆయన ముఖంలో మొదటిసారి కొంచెం వెలుగు చూశాను.

ఆ తర్వాత చేసింది మన ప్రాక్టికల్ తరగతిలో చెప్పే పనే: ఒకసారికి ఒక్కటే మార్చడం. బండి కదపకుండా, గేరు వేయకుండా, ఇంజను మాత్రం నడిపాం. క్లచ్‌కు, బ్రేకులకు పని లేదు. ఏ.సి., హెడ్‌లైట్లు, పాటల పెట్టె, ఫోను చార్జర్లు అన్నీ వేశాం. వాసన పెరిగింది. అన్నీ ఆర్పేశాం. కాసేపటికి తగ్గింది. అంటే రోగం కరెంటులో ఉంది. ఇదంతా పొగ లేదు కనుక చేశాం. పొగ కనిపిస్తే ఏ పరీక్షలూ వద్దు, ఇంజను ఆపి దిగి దూరం పోవడమే.

కరెంటు అనగానే వైర్లు గుర్తుకొస్తాయి. వైరు మీది తొడుగు పి.వి.సి. ఆ పదార్థపు బరువులో దాదాపు 57 పాళ్ళు క్లోరినే. అది వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. వాసన కంటే ముందు ముక్కులో, గొంతులో మంట పుడుతుంది, కళ్ళు చెమరుస్తాయి. రాగితీగను మంటలో ఎర్రగా కాల్చి, పి.వి.సి. ముక్కకు తాకించి, మళ్ళీ మంటలో పెడితే ఆకుపచ్చ జ్వాల వచ్చే బైల్‌స్టీన్ పరీక్ష మనవాళ్ళందరికీ తెలిసిందే. సెల్లారులో పార్కు చేసిన కార్లలో ఎలుకలు వైర్లు కొరకడం ఈ రోగానికి ఒక కారణం. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగితీగ చుట్టడం ఇంకో కారణం. మొదటిదానికి ఎలుకను తిట్టొచ్చు. రెండోదానికి ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి. అయితే మా కారులో గొంతు మండలేదు, కళ్ళు నీళ్ళు కారలేదు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

అది కాలిన బోరు మోటారు వాసన.

మా పొలంలో ఒక ఎండాకాలం రెండుసార్లు మోటారు కాలింది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద భారం పడి, వాటిలో కరెంటు పెరుగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అనగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. చుట్టిన రాగితీగ మీది ఎనామెల్ పూత, వార్నిష్ ముందు గోధుమరంగు తిరిగి, తర్వాత నల్లగా మాడతాయి. బోరులోంచి మోటారు పైకి లాగి, వైండింగ్ దుకాణంలో విప్పినప్పుడు వచ్చే వాసన మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. ఆ వాసన వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినరు. పైరు ఎండుతుంటుంది, అప్పు ఎక్కడ పుడుతుందా అని నాన్న బయట కూర్చుంటాడు. అలాంటి వాసనను ముక్కు మరిచిపోదు. మల్లెపూల కింద ఉన్నందువల్ల వెంటనే పోల్చుకోలేకపోయాను, అంతే.

కారులో అలాంటి రాగి చుట్టలు ఉన్నది ముఖ్యంగా ఆల్టర్నేటరులో. మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజను బెల్టుతో తిరుగుతూ, బ్యాటరీని నింపుతూ, లైట్లకూ ఫ్యాన్లకూ కరెంటు ఇచ్చేది అదే. దాన్ని చల్లబరిచే పంకా దానికే తగిలించి ఉంటుంది. బండి ఆగి ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు ఆ పంకా కూడా మెల్లగా తిరుగుతుంది. కాని ఏ.సి., లైట్లు, చార్జర్లు అడిగే కరెంటు మాత్రం తగ్గదు. అంటే సైబరాబాదు సాయంత్రపు ట్రాఫిక్ క్లచ్‌కే కాదు, డైనమోకు కూడా శత్రువే. మెకానిక్ సగం నిజమే చెప్పాడు: ట్రాఫిక్ వల్లనే. ఏది కాలిందో మాత్రం పీల్చి చూడలేదు.

"చిన్నాయనా, బ్యాటరీ గుర్తు ఎర్ర లైటు ఎప్పుడన్న ఎలిగిందా?"

"అప్పుడప్పుడు మిణుకు మిణుకు అంటది. నేను పట్టించుకోలె."

రాత్రి అక్కడే పక్కన పెట్టి, మర్నాడు ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం. ఆయన మీటరు పెట్టి చూశాడు. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. నడుస్తున్నప్పుడు 14 అటూ ఇటూ రావాలి. మాది నడుస్తున్నప్పుడూ 12 దాటలేదు. విప్పి చూస్తే బేరింగు అరిగి, చుట్టల్లో ఒక భాగం నల్లగా మాడి ఉంది. చూడగానే మా బోరు మోటారే కళ్ళ ముందు నిలిచింది. ఖర్చు అయింది, కాదనను. కాని క్లచ్ సెట్టుకు చెప్పినదానిలో సగం కూడా కాలేదు. మధ్యాహ్నానికి బండి మళ్ళీ బేరానికి పోయింది. క్లచ్ మార్చి ఉంటే ఆ డబ్బూ పోయేది, డైనమో ఎలాగూ కాలేది.

మిగతా వాసనల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎప్పుడో ఎవరికో పనికొస్తుంది.

కాలిన రబ్బరు వాసనతో పాటు కీచుమనే చప్పుడు ఉంటే బెల్టు జారుతున్నట్లు. చార్లెస్ గుడ్ఇయర్ 1839లో రబ్బరులో గంధకం కలిపి కాచి గట్టిపరచడం కనిపెట్టాడు. కాలిన రబ్బరులో ముక్కుకు తగిలే ఘాటులో ఆ గంధకం పాలు చాలా ఉంది. ఒక్క చక్రం దగ్గరే వేడి, ఘాటు ఉంటే బ్రేకు పట్టేసినట్లు. చేత్తో తాకకండి, నీళ్ళు కూడా పోయకండి, ఎర్రగా కాగిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కాగిన నూనె వాసన, బానెట్ సందుల్లోంచి నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కారి వేడి గొట్టం మీద పడుతున్నట్లు. సర్వీసింగ్ అయిన మర్నాడు కొంచెం వస్తే అది ఒలికిన చుక్కలు కావచ్చు, రెండో రోజుకూ పోకపోతే చూపించాలి. బెల్లం పాకంలాంటి తీపి వాసన వస్తే రేడియేటరులోని కూలెంట్ కారుతున్నట్లు. అందులో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్, వాసనకూ రుచికీ తీపి, కడుపులోకి పోతే విషం. కారిన చోట కుక్కలను, దూడలను నాకనివ్వకూడదు. చాలామంది డ్రైవర్లు పొదుపు కోసం ఉత్త నీళ్ళు పోస్తారు. వాళ్ళకు ఈ తీపి హెచ్చరిక కూడా అందదు.

2020 ఏప్రిల్ 1 తర్వాతి డీజిల్ కార్లలో మసిని పట్టే జల్లెడ ఒకటుంటుంది. అది పట్టిన మసిని తానే అప్పుడప్పుడు కాల్చుకుంటుంది. ఆ వేడి వాసన రోగం కాదు.

ఇక ఆలస్యం పనికిరానివి మూడు. పెట్రోలు వాసన అసలు కాలిన వాసనే కాదు, కాలబోయే వాసన. స్విచ్చి ఏదీ ముట్టకుండా దిగాలి. కుళ్ళిన కోడిగుడ్ల వాసన బ్యాటరీ అతిగా చార్జి అవుతున్నప్పుడు వస్తుంది. లాబ్‌లో కిప్ పరికరం దగ్గర నిలబడిన పాత విద్యార్థులకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు చేరితే ఈ హైడ్రోజన్ సల్ఫైడ్ ముక్కునే మొద్దుబారుస్తుంది. పైగా బ్యాటరీ నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంటుంది కనుక అగ్గిపుల్ల గీసి చూడటం ఆత్మహత్యే. మూడోది ఈ మధ్య ఐ.టి. కారిడార్‌లో ఎక్కువైన ఎలక్ట్రిక్ క్యాబులది. వాటిలో క్లచ్ లేదు, ఇంజను ఆయిలు లేదు, కనుక "అదేదో మామూలు వాసనే" అని సరిపెట్టుకునే అవకాశమూ తక్కువ. బ్యాటరీ వైపు నుంచి తీయటి ద్రావణి వాసన, బుస్సుమనే చప్పుడు, తెల్ల పొగ వస్తే సామాన్లు కూడా వదిలి దూరంగా పోయి 101కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. ఏ బండిలోనైనా బానెట్ కింద మంట అనుమానముంటే బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి పెద్దదవుతుంది.

చిన్నాయన మల్లెపూల సీసాను మా గది కిటికీలో పెట్టుకొమ్మని నాకే ఇచ్చేశాడు. హాస్టలులో దాని అవసరం ఉన్నదని ఆయన అభిప్రాయం. ఇప్పుడు ఆయన ఎవరు ఎక్కినా తలుపు వేయగానే "సార్, ఏమన్న కాలిన వాసన ఒస్తున్నదా?" అని అడుగుతున్నాడు. ఎక్కువమంది నవ్వి, ఒకసారి పీల్చి చూసి, లేదంటారట. ఒకాయన మాత్రం గచ్చిబౌలిలో దిగిపోతూ ఆ ప్రశ్నకే ఒక నక్షత్రం కోసేశాడట.

"పోతే పోనీ రా" అన్నాడు చిన్నాయన, "ఎకరం అయితే పోలేదు గదా."